ప్రశ్నల వాయనము



నోములకు వాయనము లిచ్చి పుచ్చుకొనుట మనకు క్రొత్త గాదు. ఇచ్చునామె ఇచ్చితినని పలుకును. పుచ్చుకొనునామె పుచ్చుకొంటినని బదులు పలుకును. పళ్ళెములోని శనగలు పుచ్చినవి కాకుండ చూచుకొనుట ఇచ్చునామె ధర్మము. తెచ్చుకొన్నదానిని ఇంటిల్లిపాదికిని పంచిపెట్టుట పుచ్చుకొన్నామె ధర్మము. ఈ మాసము మేము ముచ్చటింపదలచిన వాయనము పళ్ళెములో పెట్టి యిచ్చునది గాదు. అది ప్రశ్న.

ఆదోనికిని ఎమ్మిగనూరునకును నడుమ దారి సుమారు 30 కిలోమీటర్లు. ఈ రెండూళ్ళలోని మిత్రురాండ్రము కొందరము ప్రతిదినము మధ్యాహ్నము వంటయిల్లు సర్దుకొనిన పిమ్మట, చేతిలోని ఫోనులపై ఒకరినొకరము లోకజ్ఞానపు ప్రశ్న లడుగుకొనుచున్నాము. పద్ధతి సులభము. ఒకామె ప్రశ్న పంపును. దీపములు పెట్టు వేళకు తక్కినవారు జవాబులు పంపవలెను. సరియైన జవాబు ముందుగా చెప్పినామెకు మరునాడు ప్రశ్న వేయు హక్కు కలుగును. మాలో తెలుగువారు కలరు, కన్నడమువారు కలరు, ఉర్దూ మాటలాడువారును కలరు. మగ్గము గల యిల్లు, ప్రత్తి బేరము చేయు నిల్లు, మా వంటి బడిపంతులుగారి యిల్లు, అన్నియు ఇందు చేరినవి. ఇట్టి యాట మీ యిండ్లలోను సాగుచునే యుండవచ్చును. అందలి మేలును కీడును రెండింటిని చూచినవారము గనుక నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పెద్దవారు కొందరు దీనిని జూచి, "పనిలేనివారి కాలక్షేపము" అనుచున్నారు. ఆ మాటకు మేము కోపింపము. కాని ఇది ఫోనుతో పుట్టిన విద్య గాదని మాత్రము మనవి చేయుదుము. విసురుచును, దంచుచును, ప్రత్తి యేరుచును మన అవ్వలు పొడుపుకథలు వేసికొనలేదా? ఒకామె పొడుపు వేయును. తక్కినవారు ఓడితిమని ఒప్పుకొనినగాని విడుపు చెప్పదు. అవధాన సభలలో పృచ్ఛకులు చుట్టును కూర్చుండి ప్రశ్నలు వేయుదురు. వారిలో అప్రస్తుత ప్రసంగము చేయువారి పనియే అవధాని మనస్సును చెదరగొట్టుట. చదువు లేని యింటిలోను, చదువు గల సభలోను ప్రశ్నతో ఆడుకొనుట మనకు అలవాటే.

అయినను పొడుపుకథకును లోకజ్ఞానపు ప్రశ్నకును పెద్ద భేద మొకటి కలదు. పొడుపుకథకు జవాబు అందులోనే దాగియుండును. విడుపు వినగానే "ఔను గదా!" యని మనకే తోచును, మరియొకరి సాక్ష్యముతో పని లేదు. లోకజ్ఞానపు ప్రశ్న అట్టిది గాదు. ఫలాని నది యెక్కడ పుట్టినదని అడిగినచో, ఆ చోటును మనము చూచి యుండము. చూచినవారు చెప్పగా, విన్నవారు వ్రాయగా, చదివినవారు మనకు చెప్పిరి.

మన న్యాయశాస్త్రము ప్రమాణములు నాలుగని చెప్పుచున్నది. కంటితో చూచి తెలిసికొనుట ప్రత్యక్షము. పొగను జూచి నిప్పు గలదని యూహించుట అనుమానము. తెలిసినదాని పోలికచే తెలియనిదానిని గుర్తించుట ఉపమానము. నమ్మదగినవారు చెప్పగా తెలిసికొనుట శబ్దము. లోకజ్ఞానపు ప్రశ్నలలో చాలవానికి శబ్దమే ఆధారము. కావున చెప్పినవారు నమ్మదగినవారా, వారి కెట్లు తెలిసినది అని విచారింపక తప్పదు.

ఇందుచేతనే మేము మా యాటలో రెండవ ప్రశ్న యను నియమ మేర్పరచుకొంటిమి. జవాబు చెప్పినామెను, "నీకెట్లు తెలిసినది?" అని తప్పక యడుగవలెను. ఫోను తెరపై వ్రేలు మోపినంతనే జవాబు వచ్చు ఈ దినములలో జవాబు తెలియుట గొప్ప గాదు. ఆ జవాబు దేనిపై నిలిచియున్నదో తెలిసికొనుటయే చదువు.

ఒక ఉదాహరణము చూడుడు. "చంద్రునిపై నిలిచి చూచినను కనబడు మానవ నిర్మాణ మేది?" అనునది ఎన్నో పుస్తకములలో కలదు. "చైనా మహాకుడ్యము" అని జవాబు. మనుష్యుడు చంద్రునిపై అడుగు పెట్టినది 1969లో. ఈ మాట 1932 నాటికే అమెరికాలో అచ్చుపడినది! ఇక చూచినవా రెవరు? 2003లో అంతరిక్షమునకు వెళ్ళివచ్చిన తొలి చైనా వ్యోమగామి యాంగ్ లివెయ్, భూమికి ఎంతో దగ్గరగా తిరిగియు, తనకు ఆ గోడ కనబడలేదనెను. ప్రత్యక్షము లేనిచోట అనుమానము చాలును. గోడ పొడవు వేల కిలోమీటర్లు గాని, వెడల్పు కొద్ది మీటర్లే. చంద్రుడు మనకు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరమున నున్నాడు. ఆదోని కోట కొండపై ఆరవేసిన దారపుపోగు, అది ఎంత పొడవైనది కానిండు, క్రింద బజారులో నిలిచినవారికి కనబడునా? ఈ పోలిక చెప్పగా మాలో చిన్న తరగతులతో చదువు నిలిపినవారును వెంటనే గ్రహించిరి.

తప్పు జవాబు ఒక పుస్తకమునుండి మరియొకదానికి ఎట్లు ప్రాకునో తెలుపు వింత కథ యొకటి కలదు. అమెరికాలో ఫ్రెడ్ వర్త్ అనునాయన ఇట్టి ప్రశ్నలకు పనికివచ్చు సంగతులతో గ్రంథములు కూర్చెను. తన గ్రంథమును ఎవరైన కాపీ కొట్టినచో పట్టుకొనుటకై, టెలివిజను కథలలోని కొలంబో యను పత్తేదారునకు ఫిలిప్ అను ముందు పేరును తానే కల్పించి యందు చేర్చెను. 1979లో కెనడాలో ఇద్దరు మిత్రులు ఊహించి, 1981 నుండి అమ్మకమునకు వచ్చిన "ట్రివియల్ పర్స్యూట్" అను ప్రశ్నల యాటలో ఆ కల్పిత నామమే జవాబుగా అచ్చుపడినది. వర్త్ 1984లో దావా వేసెను. సంగతులు ఎవరి సొత్తును కావని న్యాయస్థానములు ఆయన వాదమును త్రోసివేసినవి. దావా మాట యటుండ, "ఎట్లు తెలిసినది?" అని ఎవ్వరును అడుగకుండుటచే, లేని పేరొకటి ఇంటింటి యాటలోనికి వచ్చి కూర్చుండెను గదా!

ఇది పరదేశపు ముచ్చట యని తలంపవలదు. మన దేశమున "జాతీయ క్రీడ యేది?" యని యడిగిన, "హాకీ" యని పసిబిడ్డయు చెప్పును. 2012లో లక్నో నగరమునకు చెందిన పదేండ్ల బాలిక, హాకీని జాతీయ క్రీడగా ప్రకటించిన ఉత్తరువు ఎక్కడ నున్నదని, 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద కేంద్ర ప్రభుత్వము నడిగినది. ఏ యాటనుగాని జాతీయ క్రీడగా ప్రకటింపలేదని క్రీడల మంత్రిత్వశాఖ బదులిచ్చినది. ఎందరో పండితులకు తోచని రెండవ ప్రశ్న ఒక చిన్నపిల్లకు తోచినది.

ఈ సంగతి వలన మా మిత్రురాలి యింట నొక చిక్కు వచ్చినది. ఆమె కుమార్తె తొమ్మిదవ తరగతి చదువుచున్నది. ఒక క్విజ్ పోటీలో ఇదే ప్రశ్న రాగా, "అట్టి క్రీడను ప్రభుత్వము ప్రకటింపలేదు" అని వ్రాసినది. అది తప్పని కొట్టివేసిరి. ఒక్క మార్కుతో బహుమానము తప్పిపోయినది. పిల్ల ఇంటికి వచ్చి యన్నము ముట్టక ఏడ్చుచు, ఇకమీదట పుస్తకములో నున్నదే వ్రాసెదననెను. మా మిత్రురాలు అయిదవ తరగతితో చదువు నిలిపినది. ఆమె బిడ్డ నొద్దకు తీసికొని, "వారికెట్లు తెలిసినదో అడిగితివా తల్లీ? నీకెట్లు తెలిసినదో వారికి చెప్పితివా?" అని యడిగెనట. రెండును చేయలేదని పిల్ల చెప్పినది. మరునాడు ఇద్దరును వెళ్ళి, ప్రభుత్వమువారి బదులును గూర్చిన పత్రికా వార్తను మర్యాదగా చూపిరి. పోటీ నడిపినవారు శ్రద్ధగా చదివిరి గాని, జవాబుల పుస్తకములో హాకీ యని యున్నది గనుక తామేమియు చేయలేమనిరి. బహుమానము రాలేదు.

మేము ఈ మాట చెప్పగా మావారు కొంతసేపు ఊరకుండి, "జవాబుల పుస్తకమును మార్చుకొనవచ్చును. పిల్ల అడుగుట మానివేసినచో మరల అడిగించుట మా బడిపంతుళ్ళకు చేతగాని పని" అనిరి. పిల్ల అడుగుట మానలేదు. తల్లి ఆ పూట మాటలాడియుండనిచో మాని యుండెడిదేమో. చిన్నమాటగా కనబడు లోకజ్ఞానపు ప్రశ్నలో ఇంత యున్నది సుమా.

స్త్రీలమైన మనకు మరింత దగ్గరి సంగతి యొకటి కలదు. "తెలుగులో తొలి కథానిక యేది?" యను ప్రశ్న పోటీపరీక్షల పుస్తకములలో తరచుగా కనబడును. "దిద్దుబాటు, గురజాడ అప్పారావుగారు, 1910" అని జవాబు. ఆ కథ గొప్పదనుటలో సందేహము లేదు. కాని అంతకు ఎనిమిదేండ్ల ముందే, 1902లో, "హిందూ సుందరి" యను స్త్రీల పత్రికలో భండారు అచ్చమాంబగారి "ధనత్రయోదశి" యను కథ అచ్చుపడియున్నది. ఈమె 1874లో జన్మించి, 1905లో ముప్పది యేండ్ల చిన్నవయస్సుననే స్వర్గస్థురాలైనది. బడికి పోయి చదివినది గాదు. విజ్ఞాన సర్వస్వమును తలపెట్టిన కొమర్రాజు లక్ష్మణరావుగారు ఈమెకు తమ్ముడు, ఆయన తోడ్పాటుతో ఇంటనే చదువుకొన్నది. "అబలా సచ్చరిత్ర రత్నమాల" యను పేర స్త్రీల చరిత్రలను సేకరించి వ్రాసినది. ఆమె కథలో భార్య భర్తను తప్పుదారి నుండి మరలించును. దిద్దుబాటులోను భార్యయే భర్తను దిద్దును.

తొలి కథానిక యిదియే యని పట్టుపట్టుటకు మేము పండితులము గాము. ఇంకను ముందటి రచనలను గూర్చియు పరిశోధకులు చర్చించుచునే యున్నారు. మేము చెప్పునది యొక్కటే. జవాబు ఒక్క పంక్తిలో నిలిచిపోయినచోట, ఆ పంక్తిలో పట్టని పేరు మరుగునపడును. ఎందరో ఆడుబిడ్డలు పరీక్షలలో తొలి జవాబును వ్రాసి మార్కులు తెచ్చుకొనిరి. వారిలో ఒక్కరు, "అంతకు ముందెవ్వరును వ్రాయలేదని ఎట్లు తెలిసినది?" అని యడిగియున్నచో, ఇంటనే చదువుకొనిన మనవంటి యొక ఇల్లాలి పేరు వారి చెవిని పడియుండెడిది. మా మిత్రురాండ్రలో ఒకామె ఈ ప్రశ్న వేసి, జవాబులన్నియు వచ్చిన పిదప అచ్చమాంబగారి పేరు చెప్పిన దినమున, మా ఫోనులు రాత్రి చాలసేపటివరకు మ్రోగుచునే యుండినవి.

ప్రశ్నించుట ఆడువారికి తగునా యను మాట ఇప్పటికిని అక్కడక్కడ వినబడుచున్నది. బృహదారణ్యకోపనిషత్తులో వచక్నుని కుమార్తె గార్గి జనకుని సభలో యాజ్ఞవల్క్యుని ప్రశ్నించిన ఘట్టము చదివినవా రట్లనలేరు. ఈ సమస్తమును నీటిపై పడుగుపేకలుగా నేయబడియున్నదనిన, ఆ నీరు దేనిపై నేయబడియున్నదని ఆమె మొదలుపెట్టినది. ఒక్కొక్క జవాబునకును, "అది దేనిపై?" అని పైపైకి పోయినది. కడకు ఆ మహర్షి, ఇంతకుమించి అడిగినచో తల పడిపోవునని హెచ్చరించెను. ఆమె ఊరకుండెను. కాని కొంతసేపటికి సభవారి యనుమతి పుచ్చుకొని మరల లేచి మరి రెండు ప్రశ్నలు వేసినది. జవాబు లభింపగా, ఈయనను గెలువగలవారు మీలో లేరని సభకు తానే చెప్పినది. ఆపినంత మాత్రమున అడుగుట మానలేదు. సరియైన జవాబు వచ్చిన పిమ్మట పంతమునకు పోలేదు. ఈ రెండు గుణములును మా యాటకు కావలసినవే.

పడుగుపేకల మాట వచ్చినది గనుక ఎమ్మిగనూరి ముచ్చట చెప్పెదము. మా బృందములో చేనేత యింటి యిల్లాలొకతె కలదు. ఆమెకు చదువ వ్రాయ రాదు. చాల దినములు తక్కినవారి ప్రశ్నలను కూతురిచే చదివించుకొని వినుచుండెను గాని తానేమియు పలుకలేదు. 2011 జనగణనము నాటికి అప్పటి కర్నూలు జిల్లాలో అక్షరములు వచ్చిన స్త్రీలు సుమారు సగముమంది మాత్రమే. తక్కిన సగము మందికి ఇట్టి యాటలో చోటు లేదన్నచో, అది ఆట గాదు, పరీక్ష యగును. మేము ఆమెను నోటితోనే ప్రశ్న చెప్పి పంపుమని కోరితిమి. ఆమె గొంతుతో వచ్చిన ప్రశ్న యిది: "అక్కలారా, మేము పడుగునకు గంజి పెట్టుదుము, పేకకు పెట్టము. ఎందుకో చెప్పుడు."

ఎప్పుడును గెలుచు మా మిత్రురాలు, "మెరుపు కొరకు" అనెను. మరియొకామె, "బరువు కొరకు" అనెను. సాయంకాలము వరకు ఎవ్వరును చెప్పలేకపోయిరి. అప్పుడామెయే చెప్పినది. పడుగుపోగులు మగ్గముపై బిగువుగా లాగబడి యుండును. నాడె పోయిన ప్రతిసారియు అవి పైకిని క్రిందికిని కదలుచు, అచ్చుపండ్ల నడుమ ఒరసికొనుచుండును. గంజి లేనిచో నూగు లేచి, పోగు తెగును. పేకపోగు నాడెతో వచ్చి పడుకొనునదే గాని అంత బిగువును రాపిడియు దానికి లేవు. "నీకెట్లు తెలిసినది?" అని నియమము ప్రకారము అడిగితిమి. "గంజి పదును తప్పిన దినమున తెగిన పోగులు ముడివేయుటతోనే ప్రొద్దు గ్రుంకును. ఆనాటి కూలి పోవును. మరి తెలియదా?" అని బదులు చెప్పినది. ప్రత్యక్ష ప్రమాణమునకు ఇంతకన్న మంచి యుదాహరణమును మేమే గ్రంథములోను చదువలేదు. ఆనాటి నుండి ఆమె ప్రశ్న కొరకు అందరును ఎదురుచూచుచున్నారు.

ఆమె చూపిన దారిలో ప్రత్తి బేరపు యింటి మిత్రురాలు మరియొక ప్రశ్న వేసినది: "నూరు కిలోల ప్రత్తిని జిన్నింగు మిల్లులో ఆడించిన, దూది యెంత వచ్చును?" ఆదోని ప్రత్తికి పేరుపొందిన యూరు, ప్రత్తి బండ్లు మా వీథులలో చూడనివారు లేరు. అయినను సగమునకు సగము వచ్చునని కొందరు, ముప్పాతిక వచ్చునని కొందరు చెప్పిరి. దూది వచ్చునది సుమారు మూడవవంతే. తక్కినది దాదాపు అంతయు గింజయే. ఆ గింజ నూనెకును పశువుల మేతకును పనికివచ్చును. ఇంటిముంగిటి నుండి పోవు బండిలో నేమున్నదో మనమెరుగము, చైనా గోడ పొడవు మాత్రము చెప్పగలము!

ఇట్లే మా యూళ్ళ చరిత్రలోనికిని వెళ్ళితిమి. ఎమ్మిగనూరు చేనేతకారుల సహకార సంఘమును మాచాని సోమప్పగారు 1938లో స్థాపించిరి. "స్థాపించిననాడు అది ఏ జిల్లాలో నుండెను?" అని మేమడిగితిమి. అందరును కర్నూలనిరి. ఆనాడు ఎమ్మిగనూరు ఆదోని తాలూకాలోనిది. ఆదోని తాలూకా మద్రాసు రాజధానిలోని బళ్ళారి జిల్లాలోనిది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు బళ్ళారి నుండి విడివడి ఆంధ్రములో చేరినవి. మా బృందములోని ఒక వృద్ధురాలు తన పెండ్లి శుభలేఖను పెట్టె నుండి తీయించి, అందులో "బళ్ళారి జిల్లా" యని యుండుటను ఫోటో తీయించి పంపినది. అది శబ్దమునకు తోడు ప్రత్యక్షము.

గుత్తి నుండి పత్తికొండకు పోవు దారిలో ఎర్రగుడి యను గ్రామము కలదు. అక్కడి గుండ్లపై, సుమారు 2,200 ఏండ్లకు పూర్వము అశోక చక్రవర్తి చెక్కించిన శాసనములు కలవు. వానిలో నొక శాసనమున కొన్ని పంక్తులు ఎడమ నుండి కుడికిని, కొన్ని కుడి నుండి ఎడమకును సాగుచున్నవి. "నాడె నడచినట్లా?" యని మా చేనేత మిత్రురాలు అడిగినది. అంతకంటె చక్కగా ఆ శాసనపు వ్రాతను వర్ణింప మాకు చేతగాదు. వచ్చు సెలవులలో పిల్లలతో కూడి వెళ్ళి చూడవలెనని సంకల్పించుకొంటిమి.

చదువు తక్కువయని ఎవ్వరును వెనుదీయవలదు. 2019లో "కౌన్ బనేగా కరోడ్‌పతి" యను టెలివిజను పోటీలో మహారాష్ట్రలోని అమరావతి జిల్లాకు చెందిన బబితా తాడే యను ఇల్లాలు కోటి రూపాయలు గెలుచుకొన్నది. ఆమె బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనము వండునామె. పొయ్యి దగ్గర నిలుచువారి తలలో ఏముండునని తలంచువారికి ఆమెయే జవాబు. కోటి రూపాయలు అందరికిని రావు. అడుగుటకును, వినుటకును, మరల అడుగుటకును రుసుము లేదు.

మా యనుభవమున తేలిన నియమములు నాలుగు. మీకును పనికివచ్చునేమో చూడుడు. మొదటిది, ప్రశ్న పంపుటకు ముందు దాని జవాబును రెండు చోట్ల సరిచూచుకొనవలెను. పుచ్చిన శనగలు వాయన మియ్యరాదు. రెండవది, జవాబుతోపాటు ఎట్లు తెలిసినదో చెప్పవలెను. "అందరు చెప్పుచున్నారు" అనునది ఆధారము గాదు. మూడవది, తప్పు చెప్పినామెను జూచి నవ్వరాదు. నవ్వినచో ఆమె రేపు పలుకదు, ఆమె యింట పుట్టవలసిన ప్రశ్న మనకు దక్కదు. నాలుగవది, వారమున కొక్క దినమైనను మన యూరిని గూర్చియో, మన చేతిపనిని గూర్చియో ప్రశ్న యుండవలెను.

ఈ మాసపు వాయనముగా మూడు ప్రశ్న లిచ్చుచున్నాము. తుంగయు భద్రయు కలిసి తుంగభద్రయగు చోటేది? 1827 జూలై 6వ తేదీన మన పత్తికొండలో మరణించిన మద్రాసు గవర్నరెవరు? మూడవది మీరే వేయవలెను. మీ యింటిపనిలో నలిగినవారికిగాని తెలియని ప్రశ్న యై యుండవలెను. జవాబులు వ్రాయునప్పుడు "నాకిట్లు తెలిసినది" యను పంక్తి మరువకుడు. వ్రాయ రానివారు ఇంటిలోని పిల్లలచే వ్రాయింపవచ్చును. వచ్చినవానిని రాబోవు మాసమున ఈ పుటలోనే పంచుకొందము.